బడిలో కళాకారుని విడిది

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విరాటపర్వము చదివినవారికిని, విన్నవారికిని నర్తనశాల కథ తెలియనిది కాదు. అజ్ఞాతవాసమున అర్జునుడు బృహన్నల యను పేర విరాటుని కొలువు చేరి, రాకుమారి ఉత్తరకును ఆమె చెలికత్తెలకును ఆటపాటలు నేర్పెను. వినువారు గోగ్రహణ ఘట్టమునకై తొందరపడుదురు గాని, ఆ నేర్పుట కెట్టి యేర్పాటు జరిగెనో కొంచెము నిలిచి చూడవలసియున్నది. విరాటుడు వచ్చిన విద్వాంసునకు నాలుగు సమకూర్చెను: ఆడుటకు శాల, నేర్చుటకు శిష్యురాండ్రు, బ్రతుకుటకు భృతి, అన్నిటికిని మించి కాలము. ఒక సాయంకాలము ఆడించి, శాలువ కప్పి, సాగనంపలేదు. ఏడాది పొడుగునను నిలుపుకొనెను. బడిలో కళాకారుని విడిది యని నేడు చెప్పుకొనుచున్న పథకముల సారమంతయు ఆ నాలుగింటిలోనే యున్నది. నేటి లెక్కలలో తరచుగా లోపించునది నాలుగవది.

విడిది యనగా నేమి? చిత్రకారుడో, డోలు వాయించువాడో, బుర్రకథకుడో, తోలుబొమ్మలాటగాడో కొన్ని వారములపాటు బడికి వచ్చి, పిల్లల నడుమ తన పని తాను చేయుచు, వారిచేతను చేయించుట. దాని కగు వ్యయమును ప్రభుత్వమో, ధర్మసంస్థయో గ్రాంటుగా నిచ్చును. అమెరికాలో 1965లో నేర్పడిన జాతీయ కళానిధి సంస్థ 1969లో బడులకు కళాకారులను పంపు పథకము నారంభించినది. అయితే ఇది పరదేశపు వింత యని తలపరాదు. అంతకు చాల ముందే తెలుగునాట ఈ పని జరిగినది.

మచిలీపట్టణమున 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్ల పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. చిత్రలేఖనము నేర్పుటకై వంగదేశమునుండి ప్రమోదకుమార ఛటర్జీ నచటికి రప్పించిరి. ఆయన వచ్చి ఒక్క ఉపన్యాసమిచ్చి మరలినవాడు కాడు. అచటనే యుండి నేర్పెను. ఆ శిష్యులలోనివాడే అడివి బాపిరాజు. తరువాతి కాలమున బాపిరాజు ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. దూరదేశమునుండి వచ్చినవా డొకడు, నిలిచిన కాలము కొన్ని యేండ్లు. ఫలము ఒక తరము. నిలిచినందుననే ఆ ఫలము దక్కినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ప్రభుత్వమును ఈ దిక్కున చూడకపోలేదు. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రము 1979లో స్థాపింపబడినది. హైదరాబాదునను దాని కేంద్ర మున్నది. కళలయందు నేర్పుగల పది మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు విద్యార్థి వేతన మిచ్చు పథకము 1982లో మొదలైనది. ఢిల్లీలో కిరణ్ సేఠ్ 1977లో ప్రారంభించిన స్పిక్ మెకే సంస్థ, పేరుగన్న విద్వాంసులను బడులకును కళాశాలలకును తీసికొనిపోవుచున్నది. తంజావూరు, నాగపూరు మొదలగు చోట్లగల మండల సాంస్కృతిక కేంద్రములు గురుశిష్య పథకమును నడపినవి. అందు గురువునకు నెలకు 7,500, సహవాద్యకారునకు 3,750, శిష్యునకు 1,500 రూపాయల చొప్పున పెక్కేండ్లు ఇచ్చుచు వచ్చిరి. మొత్తము చిన్నదే. కాని ఆ పద్దు వ్రాసినవాని బుద్ధిని మెచ్చుకొనవలెను. పాటకు వెనుక తాళము పట్టువాడొకడు కలడని అతడు మరువలేదు.

2020 నాటి జాతీయ విద్యావిధానము మరియొక యడుగు ముందుకు వేసినది. ప్రతి పాఠశాలయో, పాఠశాలల సముదాయమో తనయందు కళాకారుని విడిదికై యత్నింపవలెనని చెప్పినది. స్థానిక కళాకారులను, చేతిపనివారిని బోధకులుగా తీసికొనవచ్చునన్నది. ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు గల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది దినములను పేర్కొన్నది. మాట కాగితముపై నున్నది. దానిని బడి గుమ్మముదాక తెచ్చుటయే మిగిలినది.

తెచ్చుటకు తొందర యేల? సత్తుపల్లికి తూర్పున అశ్వారావుపేట, దమ్మపేట అడవులు మొదలగును. 2016లో జిల్లాలు వేరైనవి గాని, ఆ అడవియు అందలి కోయగూడెములును ఈ ప్రాంతమునకు పొరుగువారే. అదే భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, మణుగూరు మండలమున, సకిని రామచంద్రయ్య యను కోయ డోలు కళాకారు డుండెను. సమ్మక్క సారలమ్మల కథను, పగిడిద్దరాజు కథను ఆయన నోటనే నిలుపుకొనెను. మేడారము జాతరలో గానము చేసెను. 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూసెను. అదే యేడు అక్టోబరులో, ఆదిలాబాదు ప్రాంతపు మర్లవాయి గ్రామమున గుస్సాడి నాట్యాచార్యుడు పద్మశ్రీ కనకరాజును గతించెను. కాలిన గ్రంథమునకు మరియొక ప్రతి ఎచటనైన దొరకవచ్చును. నోటనున్న గ్రంథమునకు ప్రతి యనగా శిష్యుడే. పురస్కారము గురువును గౌరవించునే గాని, శిష్యుని పుట్టింపజాలదు. ఆ పని విడిదివలననే యగును.

ఇక లెక్క. ఒక బడికి 30,000 రూపాయల గ్రాంటు వచ్చినదనుకొనుడు. ఒక్కనాటి ఉత్సవము చేసినచో షామియానాకు, మైకునకు, కారునకు, దండలకు, శాలువలకు, ఫలహారములకు పోగా కళాకారుని చేతికి మిగులునది స్వల్పము. పిల్లల చేతికి మిగులునది చప్పట్లు. అదే సొమ్మును వారమునకు రెండు దినముల చొప్పున పది వారములకు పంచినచో ఇరువది దినములగును. కళాకారునకు దినమునకు 800 వంతున 16,000. సహవాద్యకారునకు 400 వంతున 8,000. బస్సు చార్జీలకు 2,000. డోలు చర్మమునకును, మరమ్మతునకును 2,500. పాటలు వ్రాసికొని ధ్వనిముద్రణ చేయుటకు 1,500. మొత్తము సరిగా 30,000. ఈ చిఠ్ఠాలో పూలదండ లేదు. కాని పదవ వారము ముగియునప్పటికి డోలుపై చేయి కుదిరిన పిల్లలు నలుగురైనను ఉందురు.

ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షలు చెడునని ఉపాధ్యాయుల భయము. వారమునకు రెండు గంటలకు చెడిపోవు చదువు అంతకు ముందే బలహీనమైనదని గ్రహింపవలెను. పట్టములేనివాడు పాఠమెట్లు చెప్పునని మరియొక శంక. బృహన్నలను విరాటుడు అడిగినది పట్టము కాదు, విద్య. మూడవది మాత్రము నిజముగా ఆలోచింపదగినది: కులదేవతల పాటలలో ప్రతిదియు బడిలో పాడదగినది కాకపోవచ్చును. ఏది నేర్పవలెనో, ఏది నేర్పరాదో ఆ కళాకారుడును, ఆ గూడెపు పెద్దలును చెప్పవలెను, బడి వినవలెను. వ్రాసికొన్న పాటపై హక్కు పాడినవారిదే గాని వ్రాసికొన్నవారిది కాదు.

కట్టకడపటిది సొమ్ము వచ్చు వేళ. చాల పథకములలో మొదటి విడత వినియోగ ధ్రువపత్రము చేరినగాని రెండవ విడత రాదు. కాగితము నెమ్మదిగా నడచును. కూలికి పోవలసిన కళాకారుని పొయ్యి నెమ్మదిగా నడువదు. బడికి వచ్చిననాడు అతనికి పొలములో కూలి పోవును. ఆనాటి సొమ్ము ఆనాడే చేతిలో పడనిచో మూడవ వారమున అతడు రాడు. తప్పతనిది కాదు.

ఇచటనే గ్రంథాలయమునకు పని కలదు. ఇరువదియైదేండ్లుగా చందా కొలదిగా పుస్తకములు కూర్చిన సంస్థకు కొలదిపాటి సొమ్ముతో ఓపికగా పని సాగించుట క్రొత్త కాదు. గ్రాంటు చేరువరకు కళాకారుని దినభత్యమును చేబదులుగా నిచ్చుటకు చిన్న నిధి యొకటి యుంచవచ్చును. చుట్టుపట్ల గ్రామములలో పాడువారు, ఆడువారు, బొమ్మ చేయువారు ఎవరెవరో, వారి వయస్సెంతయో ఒక రిజిస్టరున వ్రాసి, పెద్దవారి పేళ్లను ముందుంచి ప్రధానోపాధ్యాయులకు అందజేయవచ్చును. విడిది ముగిసినపుడు పిల్లలు వ్రాసికొన్న పాటల నోటుపుస్తకమును, కళాకారుని సమ్మతితో, ఆ యలమారలోనే భారతము ప్రక్కన ఉంచవచ్చును.

రాబోవు ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగును. నేటి పాటగాండ్రలో పెక్కుర ప్పటికి ఉండరు. నాటి సభలో డోలు వినబడవలెనన్నచో, దానిని వాయించు చేతులు నేడు బడిలో పలక పట్టుకొనియున్నవి. ఆ చేతులకు గురువును చేర్చుట ఈ సభవారి వంతు.

స్వస్తి.