పాత ఫోర్డు స్టీరింగు షాఫ్టు

1953 నుంచి 1956 దాకా అమెరికాలో తయారైన ఫోర్డు ఎఫ్-100 పికప్ ట్రక్కుల్ని ముచ్చటపడి బాగుచేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటి స్టీరింగు షాఫ్టు ఒకటే పొడవాటి గొట్టం. పైకొసన చక్రం, కిందికొసన స్టీరింగు బాక్సులో తిరిగే వర్మ్ గేరు. లోపల బోలు.

ఎక్కువగా దెబ్బతినేది పైకొసన మరలే. ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన చక్రం ఊడిరాకపోతే సుత్తి అందుకుంటారు. బోలు గొట్టం కదా, అంచు పువ్వులా విచ్చుకుంటుంది. ఇక నట్టు ఎక్కదు. ఆ దెబ్బ కింద బేరింగులకూ తగులుతుంది. అందుకే చక్రాన్ని పుల్లర్‌తో లాగాలి. నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు ఉంచితే, చక్రం ఒక్కసారిగా ఊడి ముఖానికి తగలదు.

మరలు కాస్త నలిగితే సన్నటి ఆకురాయితో సరిచేసి, అదే కొలతలో మరలు కోసే డై తిప్పితే చాలు. పగులు కనిపించినా, గొట్టం వంగినా మాత్రం వెల్డింగు జోలికి పోవద్దు. ప్రాణం ఆ షాఫ్టు మీదే ఉంది. షాఫ్టు మార్చాల్సిందే. వర్మ్ దాంతోపాటే వస్తుంది కాబట్టి బాక్సు విప్పక తప్పదు, ఖర్చూ తప్పదు. తిరిగి బిగించాక బేరింగుల బిగువు చూసుకుని, ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టీరింగు ఆ కొస నుంచి ఈ కొసకు ఎక్కడా పట్టేయకుండా తిరుగుతోందో లేదో చూడండి.