బుల్‌ఫించ్ గని సర్వేయర్

ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియాలో మైనింగ్ పని చేసే మనమంతా పెర్త్ నుంచి కల్‌గూర్లీకి కారులో వెళ్ళినవాళ్ళమే. దారిలో సదరన్ క్రాస్ వస్తుంది. అక్కడ ఉత్తరానికి తిరిగితే బుల్‌ఫించ్. 1956లో ఆ ఊరి బంగారు గనిలో ముప్పయ్యేళ్ళ మనిషి ఒకరు సర్వేయరుగా చేరారు. ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు. పుట్టిన దేశం అప్పటికి సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. ఆయన పేరు ఆర్వి పార్బో.

1926లో ఎస్టోనియాలోని టాలిన్‌లో పుట్టారు. 1944లో సోవియట్ సైన్యం మళ్ళీ వస్తుంటే పద్దెనిమిదేళ్ళ వయసులో ఇల్లూ దేశమూ వదిలేశారు. జర్మనీలో శరణార్థిగా ఉంటూ క్లౌస్టాల్ మైనింగ్ అకాడమీలో చేరారు. 1949లో ఆస్ట్రేలియా వచ్చారు. అలా వచ్చినవాళ్ళు ప్రభుత్వం చూపించిన పని రెండేళ్ళు చేయాల్సి ఉండేది. అడిలైడ్‌లో రాళ్ళ క్వారీలో పనిచేశారు. ఆ ఊరి యూనివర్సిటీలోనే మైనింగ్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, వెస్టర్న్ మైనింగ్ కార్పొరేషన్‌లో చేరారు.

సర్వే చేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. భూమి లోపల దిక్కు చెప్పే సూర్యుడుండడు. పైనుంచి దింపిన ఒక తెలిసిన స్టేషన్‌ను, అంటే స్థానం కొలిచి పెట్టుకున్న బిందువును, పట్టుకుని, కోణమూ దూరమూ కొలిచి తర్వాతి స్టేషన్ నిలుపుతాం. దాన్నుంచి ఇంకొకటి. ఒకచోట చేసిన తప్పు ఆపైన ప్రతి మలుపులోనూ మనతోపాటు నడుస్తుంది. పార్బో ఎదుగుదల నాకు అలాగే కనిపిస్తుంది. ఒక్కొక్క స్టేషనూ గట్టిగా నిలిపాకే ముందుకు కదిలారు. సర్వేయరుగా చేరిన పదిహేనేళ్ళకు, 1971లో, మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. 1974లో ఛైర్మన్ అయ్యారు.

ఆయన ఎదిగిన కాలం కూడా తేలికైనది కాదు. బంగారం ధర ఔన్సుకు 35 అమెరికన్ డాలర్ల దగ్గర ఆగిపోయింది. ఖర్చులు మాత్రం ఏటేటా పెరిగాయి. బంగారాన్నే నమ్ముకుంటే గనులు మూసుకోవాల్సిందే. అందుకే కంపెనీ బాక్సైట్ వైపు, ఇనుప ఖనిజం వైపు తిరిగింది. 1966 జనవరిలో, ఎప్పుడో బంగారం అయిపోయి జనం వదిలేసిన కంబల్డాలో, డ్రిల్లు నికెల్‌ను తాకింది. మరుసటి ఏడాదికే ఉత్పత్తి మొదలైంది.

ఆయన ఛైర్మన్‌గా ఉన్నప్పుడే ఒలింపిక్ డ్యామ్ నిక్షేపం దొరికింది. 300 మీటర్లకు పైగా పనికిరాని రాయి కింద దాక్కున్న ఖనిజమది. 1975లో మొదటి బోర్‌హోల్‌లో రాగి కనిపించింది. తర్వాతివి నిరుత్సాహపరిచాయి. 1976లో పదో బోర్‌హోల్ అసలు సంపదను చూపింది. ఉత్పత్తి మొదలయ్యేసరికి 1988 వచ్చింది. అన్నాళ్ళు ఓపిక పట్టాలంటే రాయిని ఎరిగినవాళ్ళు పైకుర్చీలో ఉండాలి.

ఒలింపిక్ డ్యామ్ గురించే ఇంకో మాటా చెప్పాలి. ఆ నేల కొకథా ప్రజల పూర్వీకులది. రాగితోపాటు ఉన్న యురేనియాన్ని తవ్వొద్దంటూ 1983, 84లలో అక్కడ పెద్ద నిరసనలు జరిగాయి. నేల కింద ఏముందో కొలిచేవాడు, నేల మీద ఎవరున్నారో కూడా తెలుసుకోవాలి. ఒకరి గడ్డ మీదికి వచ్చి బతుకుతున్న మనకు ఆ బాధ్యత రెండింతలు.

1989 నుంచి 1992 దాకా పార్బో బీహెచ్‌పీ ఛైర్మన్. అదే సమయంలో వెస్టర్న్ మైనింగ్‌కూ, ఆల్కోవా ఆఫ్ ఆస్ట్రేలియాకూ ఆయనే ఛైర్మన్. క్వారీలో పనిచేసిన రోజుల నుంచి నలభై ఏళ్ళ ప్రయాణమది.

ఇక్కడికి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఇండియాలో గని మేనేజరుగా ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ సంపాదించి, బాయి దిగి పదేళ్ళు పనిచేసి వచ్చినా, ఇక్కడి చట్టాన్ని మళ్ళీ చదవాల్సిందే. కింది పనితో మొదలుపెట్టమన్నప్పుడు నేనూ చిన్నబుచ్చుకున్నాను. పార్బో గురించి చదివాక ఆ బాధ పోయింది. మీరు నేర్చిన పని ఎక్కడికీ పోదు. మీ తెలిసిన స్టేషన్ అదే.

సర్వేలో చివరి పని, బయల్దేరిన చోటికి కొలతను తిరిగి తెచ్చి కలపడం. అప్పుడుగానీ ఎంత తప్పామో తెలియదు. మీరు పైకెదిగిన రోజున గనిలో కొత్తగా దిగిన కుర్రాడి పక్కన ఒక షిఫ్టు నిలబడండి. అతని భాష ఏదైనా సరే, పేరు సరిగ్గా పలికి, పని నేర్పండి. అక్కడ కలిస్తే మన కొలత సరిపోయినట్టే.