చర్మపు గోడకు సూదిమందు: ఎలా పరీక్షించారు?

(కోయిలకుంట్ల పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. అయినా ఎగ్జిమా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

మనవైపు ఏ దురద లేచినా తామర అనేస్తాం. తామర బూజువల్ల వచ్చేది, అంటుకుంటుంది. ఎగ్జిమా అంటదు. చర్మం పైపొర ఇటుకగోడ అనుకోండి. సందుల్లో సున్నం రాలితే లోపలి తడి ఆవిరైపోతుంది, బయటి చెడు లోపలికి పోతుంది. గోడకు కావలసిన ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తి కొందరిలో పుట్టుకతోనే తక్కువని, వారికి ఈ జబ్బు ఎక్కువగా వస్తుందని 2006లో తేలింది. లోపలి వాపు ఆ గోడను ఇంకా చెడగొడుతుంది. ఆ వాపును అడ్డుకునే సూదిమందే డ్యూపిలుమాబ్. అమెరికాలో 2017లో అనుమతి పొందింది.

దానికి ముందు 1,379 మందిపై రెండు పరీక్షలు జరిగి, ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఎవరికి మందు, ఎవరికి ఉత్తిసూది అన్నది రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 16 వారాలకు చర్మం దాదాపు శుభ్రపడినవారు మందు పుచ్చుకున్నవారిలో నూటికి 36 నుండి 38 మంది. ఉత్తిసూదివారిలో 8 నుండి 10 మంది. ఉత్తిసూదికీ బాగుపడ్డారు, చూశారా! "మా బావకు తగ్గింది" అన్న మాట సాక్ష్యం కానిది ఇందుకే.

అయితే దురద తగ్గడం వేరు, గోడ బాగుపడడం వేరు. అది తేల్చడానికి తరువాత మరొక పరీక్ష చేశారు. చర్మానికి టేపు అంటించి పీకుతూ, ఆ చోట ఎంత తడి ఆవిరవుతున్నదో యంత్రంతో కొలిచారు. 16 వారాలకు ఆ నష్టం బాగా తగ్గింది. కానీ పరీక్షించినది కొద్దిమందినే, ఉత్తిసూది జట్టు లేదు. అంతవరకు ఆడిటు అభ్యంతరం ఉన్నట్టే. ఈ మందుతో కొందరికి కళ్లు ఎర్రబడతాయి. ఖరీదూ ఎక్కువే.

మన ఎండలకు ముసలి చర్మం ఊరికే పొడిబారుతుంది. స్నానం కాగానే, తడి ఆరకముందే వ్యాజలైను రాసుకోండి. మందులషాపులో అడిగి తెచ్చుకునే దురద ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. తామరకు అది పూస్తే ముదురుతుంది.

ఇక సంతకం సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు క్యాన్సర్ టీకా వేసిన పథకంలో తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు ఎన్నో ఫారాలపై సంతకాలు చేశారు. 2010లో కేంద్రం దాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తప్పుపట్టింది. 2019 నిబంధనల ప్రకారం పరీక్షవల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. మీ మనవణ్ణి ఏ కొత్త సూది పరీక్షకైనా పిలిస్తే తెలుగులో రాసిన కాగితం అడగండి, చదివాకే సంతకం చేయండి, ఒక ప్రతి ఇంటికి తెచ్చుకోండి. మధ్యలో మానుకునే హక్కు ఉన్నది.