ఉక్కు శిరస్త్రాణములు: పరిశీలన, సేకరణ



యుద్ధపరికరములలో సౌందర్యమును వెదకుట తగునా యని కొందఱికి సంశయము కలుగవచ్చును. ఖడ్గము ప్రాణము తీయుటకు పుట్టినది, శిరస్త్రాణము ప్రాణము నిలుపుటకు పుట్టినది. రెండవదానిని గూర్చి ముచ్చటించుటకు మన కంత సంకోచ మక్కఱలేదు. బంగారునగిషీలు చెక్కిన రాజుల కిరీటకవచముల నటుంచి, 1915 మొదలు ఐరోపా కందకములలో సామాన్యసైనికుడు నెత్తిన మోసిన ఉక్కుటోపీలను గూర్చియే నేడు నేను ప్రసంగింపదలచితిని.

1914లో మహాసంగ్రామ మారంభమైననాడు ఫ్రెంచివారు గుడ్డటోపీలతోను, జర్మనులు నడినెత్తిన శూలము గల తోలుటోపీలతోను రణమునకు నడచిరి. కందకమున నిలిచిన సైనికుని దేహమంతయు మంటిచాటున దాగియున్నను, పైన గాలిలో ప్రేలిన ఫిరంగిగుండ్ల తునుకలు మొట్టమొదట తాకునది వాని తలనే గదా! ఆస్పత్రులు తలగాయములతో నిండిపోగా, ఫ్రెంచిసైన్యపు సరంజామాశాఖలో అధికారియైన అగస్టు లూయీ ఆడ్రియన్ అనునాతడు తొలుత గుడ్డటోపీక్రింద ధరించుటకొక ఉక్కుచిప్పను చేయించి, పిదప 1915లో సంపూర్ణమైన శిరస్త్రాణమును రూపొందించెను. ఇంచుమించు మిల్లీమీటరులో ముప్పాతికవంతు మందము గల పలుచని రేకుతో, వేఱువేఱు ముక్కలను జోడించి కట్టిన యీ టోపీకి నడినెత్తిన నొక సన్నని శిఖ యుండును. అది కేవలాలంకారము గాక, గాలి చొచ్చుటకై కోసిన చీలికను కప్పి కాపాడుచుండును. ముందువైపున కాల్బలమునకు జ్వలించు బాంబు, ఫిరంగిదళమునకు అడ్డముగా పేర్చిన రెండు ఫిరంగులు, వలససైన్యములకు లంగరు చిహ్నములై అమరియుండును. ఉపయోగమును శోభయు నింత సఖ్యముగా కలిసియున్న సైనికవస్తువు మఱియొకటి లేదని నా యభిప్రాయము.

ఆంగ్లేయుల మార్గము వేఱు. జాన్ లియొపోల్డ్ బ్రాడీ 1915లోనే పేటెంటు పొందిన టోపీ, ఒకే రేకును యంత్రమున నొత్తి తీసినది. చూచుటకు బోర్లించిన మూకుడు. అంచు వెడల్పగుటచేత పైనుండి పడు తునుకలనుండి తలను, భుజములను రక్షించును గాని మెడను, చెవులను దాదాపు విడిచిపెట్టును. జర్మనులకు హానోవరు నగరపు ఆచార్యుడు ఫ్రెడరిక్ ష్వెర్డ్ కల్పించిన టోపీ 1916లో ఫ్రాన్సునందలి వెర్డూను రణభూమిలో కనబడెను. చెవులను, మెడను క్రిందివఱకు కప్పు ఆ గంభీరమైన వంపు, ఇరుప్రక్కల కొమ్ములవలె పొడుచుకొనివచ్చు గాలిగొట్టములు ఎవ్వరికిని మఱపురావు. నుదుటికి బరువైన ఉక్కుపలకను తగిలించుటకును ఆ కొమ్ములే ఆధారము. న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియమున కవచశాఖాధిపతియైన బ్యాష్‌ఫర్డ్ డీన్, ప్రాచీనకవచములను జీవితమంతయు పరిశీలించిన పండితుడగుటచేత, అమెరికాసైన్యమునకు క్రొత్త శిరస్త్రాణముల నమూనాలను తీర్చియిచ్చుటయే గాక, 1920లో ఆధునికయుద్ధమునందలి కవచములను గూర్చి గ్రంథమును వెలువరించెను. మధ్యయుగపు కమ్మరి కష్టపడి కనుగొన్న వంపులే మఱల ఫ్యాక్టరీలలో జన్మించుట నీ టోపీలలో మనము చూడగలము.

ఇక గుర్తించువిధము. క్రొత్తగా సేకరణకు దిగినవారు రంగును, చిహ్నమును చూచి ముగ్ధులగుదురు. పరిశీలకుడు మాత్రము టోపీని తలక్రిందులుచేసి లోపలిభాగమును చూచును. తోలుకుట్టు, గడ్డపుపట్టీ, రివిటులు, అంచున కొట్టిన అక్షరములు, అంకెలు ఇవియే దాని జాతకము. జర్మనుటోపీ లోపల ‘ఈటీ 64’ అని యుండినచో థాలే పట్టణపు కర్మాగారమున తయారైనదనియు, 64 దాని పరిమాణమనియు తెలియును. అదేవిధముగా జర్మనులదే 1935నాటి నమూనాలో గాలిరంధ్రమునకు ప్రత్యేకముగా గొట్టమమర్చియుండగా, 1940నాటిదానిలో ఆ రంధ్రమును రేకుతోడనే ఒత్తివేసిరి. 1942 వచ్చునప్పటికి అంచును మడచుటకైనను తీరిక చిక్కక మొరటుగా విడిచిపెట్టిరి. దేశము యుద్ధభారమున క్రుంగుచున్న చరిత్ర యంతయు ఆ యంచుపై వ్రేలు పోనిచ్చినచో తెలియుచుండును.

బ్రాడీటోపీకొక చక్కని పరీక్ష కలదు. షెఫీల్డునగరపు రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనుగొన్న మాంగనీసు ఉక్కుతో దానిని చేసిరి. నూటికి దాదాపు 12 పాళ్లు మాంగనీసు గల ఆ యుక్కునకు సూదంటురాయి అంటదు. చిన్న సూదంటురాతిని నడినెత్తిన నుంచుడు: జారిపోవును. 1916లో చేర్చిన చుట్టంచు మెత్తని ఉక్కుది గనుక దానికి మాత్రము పట్టుకొనును. రాయి టోపీయంతటికిని అంటుకొన్నచో అది మాంగనీసు ఉక్కు వాడుకలోనికి రాకపూర్వము తయారైన అరుదైన టోపీయైనను కావలెను, తరువాతి అనుకరణమైనను కావలెను. జర్మనుటోపీలకీ పరీక్ష పనికిరాదు, వాని ఉక్కు వేఱు. వానిలో మోసమెక్కువగా అంటింపుచిహ్నములలో జరుగును. సాదాటోపీకొక చిహ్నమంటించి మూల్యమును పలురెట్లు చేసి విక్రయించువారు లేకపోలేదు. చిహ్నమునకు కాక ఉక్కునకు, తోలునకు వెలకట్టుడని నా సలహా.

సంపాదించినదానిని కాపాడుటలో మనవారు చేయు పొరపాటు అతిశుభ్రత. ఇసుకకాగితముతో రుద్దుట, క్రొత్తరంగు పూయుట, తోలునకు నూనె రాచుట, ఇవి మూడును వస్తువును చంపును. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరనగరములలో ఉప్పుగాలి ఉక్కును త్వరగా తినివేయును గనుక, మెత్తని గుడ్డతో ధూళి తుడిచి, సన్నని మైనపుపూత పూసి, తేమ చొరని బీరువాలో నుంచిన చాలును.

ఈ వస్తువులు మనకు పూర్తిగా పరాయివి కావు. సిక్కుసైనికులు తలపాగాలను వీడుటకు నిరాకరించి, శిరస్త్రాణము లేకయే రెండు మహాయుద్ధములలోను పోరాడిరి గాని, తక్కినవారి మాట వేఱు. రెండవ యుద్ధమున బర్మాలోను, ఇటలీలోను పనిచేసిన మదరాసు సాపర్లను ఇంజనీరుదళమున మన తెలుగువారును ఉండిరి. వారి యిండ్ల అటకలపై ఏ మూలనో అట్టి టోపీ యొకటి దొరకవచ్చును. దొరకినచో పాత ఇనుపసామానులవానికి తూకమున కీయవలదు, రంగు వేయవలదు. లోపల వ్రాసిన పేరునో సంఖ్యనో చెఱిపివేయక, ఆ సైనికుని పేరు, ఊరు, దళము తెలిసినంతవఱకు ఒక కాగితమున వ్రాసి టోపీలో నుంచుడని మీకు నా మనవి.