మన పేజీ మనమే రాసుకుందాం
(విజయవాడలో మన యువతకు వెబ్ పేజీల తయారీ శిక్షణ మొదలైన రోజు చేసిన ప్రసంగ పాఠం)

జై ఏకలవ్య!

ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్లు తీసి 'స్టువర్టుపురం' అని వెతకండి. ఏం కనిపిస్తోంది? దొంగల కథలు, పోలీసులు, సినిమాలు. 1991లో వచ్చిన 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు'. అక్కడ పుట్టి టీచర్లయినవాళ్లు, నర్సులైనవాళ్లు, పొలం చేసుకుంటున్నవాళ్లు ఎంత కిందికి జరిపితే కనిపిస్తారో మీరే చూడండి.

ఇలా ఎందుకైంది? మన ముత్తాతలు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవారు. రైలు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. బతుకుతెరువు పోయినవాళ్ల మీద 'నేరస్త తెగ' అన్న ముద్ర పడింది. 1871 నాటి చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టువర్టుపురం సెటిల్మెంట్ వెలిసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. చట్టంలో ముద్ర పోయి ఇన్నేళ్లయినా ఫోన్ తెర మీద పోలేదు. మన గురించి రాసింది మనం కాదు గనక.

అందుకే ఈ శిక్షణ. మీకు ఫోన్ వాడటం మేం నేర్పక్కర్లేదు. రీల్ చేయడం, పోస్టర్ చేయడం మాకంటే మీకే బాగా వచ్చు. కానీ ఒక్క విషయం గమనించండి. వాట్సాప్‌లో పంపే పోస్టర్ బొమ్మ మాత్రమే. అందులో ఎంత మంచి మాట రాసినా, రేపు ఆ మాట కోసం వెతికేవాడికి అది దొరకడం కష్టం. గ్రూపులో సాయంత్రానికి పైకి వెళ్లిపోతుంది. అదే మాట అక్షరాలుగా ఒక వెబ్ పేజీలో ఉంటే, దానికంటూ ఒక చిరునామా ఉంటుంది. పదేళ్ల తర్వాత కూడా దొరకవచ్చు.

ఈ పాఠం మాకు నష్టపోయాకే తెలిసింది. మన సంఘం పాత సంచికలు పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేయించాం. ఇవాళ ఆ ఫైళ్లు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలు. పెద్దవాళ్లు చెప్పిన ఎన్నో సంగతులు మళ్లీ టైపు చేయాల్సి వస్తోంది. అందుకే మొదటి రోజు పాఠం యూనికోడ్. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును ఏ ఫోనైనా చదువుతుంది, వెతికితే దొరుకుతుంది.

రెండో పాఠం హెచ్‌టీఎమ్‌ఎల్. భయపడొద్దు. శీర్షిక ఇది, పేరా ఇది, బొమ్మ ఇది, లింకు ఇది అని బ్రౌజర్‌కు చెప్పే గుర్తులే అవి. టిమ్ బెర్నర్స్-లీ ఈ వెబ్‌ను తయారు చేశాక, 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దాన్ని అందరికీ ఉచితంగా వదిలేసింది. అంటే ఇది ఎవరి మాన్యమూ కాదు. నోట్‌ప్యాడ్ చాలు, పేజీ పుడుతుంది. గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట డబ్బు కట్టకుండానే పెట్టుకోవచ్చు.

మరి ఏం రాయాలి? మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. దబ్బ ఎరుకల, ఉప్పు ఎరుకల అన్న పేర్లు ఎలా వచ్చాయో మీ నాయనమ్మనడగండి. వెదురు దబ్బ ఎలా చీలుస్తారు, బుట్ట అడుగు ఎలా మొదలుపెడతారు, చేటకు ఏం వాడతారు, ఒక్కో మెట్టు ఫోటో తీసి పక్కన మాటలు రాయండి. మన ఇళ్లలో మాట్లాడుకునే భాషలో చుట్టరికాల పేర్లు రాయండి. పెద్దవాళ్లు వెళ్లిపోతే ఆ మాటలు ఏ గూగుల్‌లోనూ దొరకవు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని పదేళ్ల పండుగ 2014 ఫిబ్రవరిలో మన బెజవాడలోనే జరిగింది. అక్కడా రాయండి. అయితే అక్కడ అచ్చయిన ఆధారం చూపాలి. మనల్ని మనం పొగుడుకుంటే నిలవదు. మీరు తీసిన ఫోటోలు మాత్రం కామన్స్‌లో పెడితే ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చు.

రాసే చేతికి బాధ్యత కూడా ఉండాలి. అడగకుండా ఎవరి ఫోటో పెట్టొద్దు. ముసలమ్మ చెప్పిన సోది పాటైనా, ఇంటి కష్టమైనా, 'ఇది అందరూ చూస్తారు, పెట్టమంటావా?' అని అడిగాకే పెట్టండి. వద్దంటే వద్దు. ఆధార్, కుల ధ్రువపత్రం, స్కాలర్‌షిప్ కాగితాలు గ్రూపుల్లో వేయకండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకండి. ఇంట్లో ఎవరి డబ్బయినా పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయించండి. అమ్మకు ఈ నంబరు నేర్పితే అదీ డిజిటల్ చదువే.

మన ఏకలవ్యుడికి గురువు చదువు చెప్పనన్నాడు. తనే నేర్చుకున్నాడు. చివరికి బొటనవేలు అడిగి తీసుకున్నారు. ఇవాళ మీ బొటనవేళ్లు మీ దగ్గరే ఉన్నాయి, రోజంతా ఫోన్ మీద ఆడుతూనే ఉన్నాయి. శిక్షణ ముగిసేలోగా ఒక్కొక్కరు ఒక్క పేజీ చేయండి. ఎరుక చెప్పిన జాతి మనది. మన సంగతి మనమే చెబుదాం.

సెలవు. జై ఏకలవ్య!