రాకాసులు కట్టలేదు, మనుషులే కట్టారు
(పెనుబల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీకు చరిత్ర ఎక్కడిది?" అని మనల్ని అడుగుతారు. మనకు తాటాకు గ్రంథాలు లేవు, నిజమే. చదువు దగ్గరికి మనల్ని రానిస్తే గదా! కానీ మట్టి అందరి సంగతీ దాచిపెట్టింది.

పినపాక దగ్గర జానంపేటలో పెద్ద పెద్ద బండలు నిలబెట్టి, పైన మరో బండ కప్పిన కట్టడాలున్నాయి. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. గుళ్లు కావవి, సమాధులు. లోపల ఒకే రాయిని తొలిచి చేసిన తొట్లున్నాయి. గోదావరి పొడుగునా ఇలాంటి చోట్ల శిలువలా చెక్కిన మనిషి బొమ్మలూ కనిపిస్తాయి. ఇవన్నీ రెండు వేల ఏళ్లు దాటిన ఇనుప యుగం నాటివి. తెలంగాణలో ఇట్లాంటి సమాధులు తవ్వితే ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు కుండలు దొరికాయి.

మరి బండ చీల్చిందెవరు? ఇనుము కరిగించిందెవరు? కుండ చేసిందెవరు? చేతిపని తెలిసిన మనుషులు! వాళ్లది ఏ కులమో రాయి చెప్పదు, వాళ్ల కష్టం మాత్రం చెబుతుంది. కష్టపడ్డవాణ్ణి మరిచి ఆ పనిని రాకాసి ఖాతాలో రాయడం మనం ఎరిగిన పాత అన్యాయమే.

ఇంకా లోతుకు పోదాం. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన చెట్ల అవశేషం. ఆ రాతి పొరల పేరు గోండ్వానా, అంటే గోండుల నేల. ప్రపంచ పుస్తకాల్లో గోండు పేరుంది. ఇక్కడ ఆదివాసీ పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు.

పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లిలో ముప్పై అడుగుల రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. 1988లో శాస్త్రజ్ఞుడు యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని ఆ ఊరి పేరే పెట్టాడు. ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా మ్యూజియంలో ఉంది. ఊరి పేరు నిలిచింది, మంచిదే. ఇట్లాంటి చోట్ల గడ్డపార పట్టిన కూలీల పేర్లు ఏ పలక మీదైనా చూశామా?

అందుకే చెబుతున్నాం. నిధి ఉందన్న మాట నమ్మి రాకాసి గుళ్లను తవ్వొద్దు, క్వారీ వాళ్లను పగలగొట్టనివ్వొద్దు. చెరువు పనిలో ఎముకో, కుండో, బొమ్మో తగిలితే కదిలించకండి. తేదీ, స్థలం, మొదట చూసిన కూలీ పేరు కాగితం మీద రాయండి. తహసీల్దారుకు, పురావస్తు శాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి.

బండలు కట్టినవాళ్ల పేర్లు పోయాయి. వాటిని కాపాడినవాళ్ల పేర్లయినా పోకూడదు. జై భీమ్!