నేరస్థుల అప్పగింత – గల్ఫ్ కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్నామధ్య మన పేటలోని ఒక తల్లి కన్నీళ్లతో నా దగ్గరకు వచ్చింది. కొడుకు దుబాయిలో బ్యాంకు అప్పు తీర్చకుండానే ఇంటికి వచ్చేశాడు. ఎవరో ఏజెంటునని ఫోను చేసి, "డబ్బు పంపకపోతే మీవాణ్ణి సంకెళ్లు వేసి దుబాయి పట్టుకుపోతారు" అన్నాడట. ఆమె గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. "బాబూ, నిజంగా తీసుకుపోతారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకే ఈ వేళ జవాబు చెబుతాను.

ఒక దేశంలో నేరం చేసి వేరే దేశంలో ఉన్న మనిషిని, విచారణకో శిక్షకో ఆ మొదటి దేశానికి ఒప్పజెప్పడమే అప్పగింత. మనకు దీనికి 1962 నాటి చట్టమున్నది. పూర్వపు ఒప్పందాలలో హత్య, దోపిడీ, ఫోర్జరీ అంటూ నేరాల జాబితా వ్రాసుకొనేవారు. ఇప్పటి ఒప్పందాలలో సాధారణంగా జాబితా ఉండదు. ఆ పని రెండు దేశాలలోనూ నేరం కావాలి, దానికి ఏడాదికి తగ్గని జైలుశిక్ష పడే వీలుండాలి. రాజకీయ నేరాలకు అప్పగింత లేదు. ఏ నేరానికి అప్పగించారో దానినే విచారించాలి గాని, పాతవన్నీ తవ్వకూడదు.

ఇదేమీ ఫోను మీద జరిగిపోయే పని కాదు. మన తీరపు ఇసుక కథే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఖనిజం తవ్వకాల అనుమతుల కోసం 1 కోటి 85 లక్షల డాలర్ల లంచాలకు కుట్ర జరిగిందని అమెరికా నేరారోపణ చేసింది. అందులో ఉక్రెయిన్ వ్యాపారి దిమిత్రో ఫిర్తాష్‌ను 2014 మార్చిలో వియన్నాలో అరెస్టు చేశారు. ఆరోపణలను ఆయన కాదన్నారు. 2015లో అక్కడి కోర్టు అప్పగించనన్నది, 2017లో పై కోర్టు అప్పగించవచ్చన్నది, 2019లో సుప్రీంకోర్టు దానినే బలపరచింది. ఆ తరువాత కూడా వ్యవహారం తేలక సాగుతూనే వచ్చింది. అంత పెద్ద కేసుకే అన్ని మెట్లుంటే, మన కుర్రవాణ్ణి రాత్రికి రాత్రి ఎవరు తీసుకుపోతారు? మన దేశంలోనైతే ఆ ప్రభుత్వం మన విదేశాంగ శాఖకు కోరిక పంపాలి, మేజిస్ట్రేటు విచారించాలి, చివరకు కేంద్రం నిర్ణయించాలి.

ఎమిరేట్స్‌తో మన ఒప్పందం 1999లో కుదిరి 2000లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఏ దేశమూ తన పౌరులను అప్పగించదు. అయితే "హమ్మయ్య" అనుకోకండి. అది రెండు దేశాల చట్టంలోనూ నేరమైతే ఇక్కడే కేసు నడపాలని కూడా అందులోనే ఉన్నది. దొంగ కాగితాలు పెట్టి అప్పు తెచ్చినవాడికి సముద్రం అడ్డుగోడ కాదు.

ఇక ఉత్త బాకీ సంగతి. తీర్చలేకపోవడం వేరు, మోసం చేయడం వేరు. డబ్బు చాలక చెక్కు తిరిగివస్తే 2022 జనవరి నుంచి ఎమిరేట్స్‌లో కూడా చాలావరకు అది సివిల్ వ్యవహారమే. కాని 2020 జనవరిలో మన ప్రభుత్వం చేసిన ప్రకటన వల్ల అక్కడి నిర్ణీత కోర్టుల డబ్బు డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించుకోవచ్చు. అంటే మనిషి పోనక్కరలేదు గాని, బాకీ మాత్రం శ్రీకాకుళమైనా విజయనగరమైనా వెతుక్కుంటూ రాగలదు. ఆస్తి జప్తు దాకా పోవచ్చు. అక్కడ కేసు నిలిచి ఉంటే, మళ్లీ అక్కడ దిగిననాడు విమానాశ్రయంలోనే ఆపవచ్చు.

కనుక నా మనవి ఇది. ఫోనులో బెదిరించిన వాడికి పైసా ఇవ్వకండి. నోటీసు వస్తే మాత్రం దాచకండి. అప్పు కాగితాలు, చెక్కు నకళ్లు, బ్యాంకు ఉత్తరాలు భద్రపరచి వకీలుకు చూపండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవారికి, పేదవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. వీలైతే బ్యాంకుతోనే నేరుగా వాయిదాలు మాట్లాడుకోండి.

ఆ తల్లికీ ఇదే చెప్పాను. గాజులు చేతికే ఉన్నాయి. కొడుకు బ్యాంకుకు ఉత్తరం వ్రాశాడు. భయానికి కట్టే డబ్బు ఏ బాకీనీ తీర్చదు. పిల్లలను పంపేముందే ఈ మాట ఇంట్లో చెప్పండి.

సెలవు.